స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మన కొట్టు
(మహాసభల సాహిత్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

కింద హాల్లో వేడివేడి పెసరట్టు లైను వదులుకుని సాహిత్యాభిమానులు ఇక్కడికి వచ్చారు.

నాకు ముందు మాట్లాడినవారు పోతన గురించి చెప్పారు. నా తరువాత మాట్లాడబోయేవారు శ్రీశ్రీ గురించి చెబుతారు. మధ్యలో నేను ఒక బొమ్మల సీరియల్ గురించి చెప్పబోతున్నాను. కార్యక్రమ పత్రం చూసి ఒక పెద్దాయన, "ఇది పిల్లల విభాగంలో ఉండవలసింది, అచ్చుతప్పు పడినట్టుంది" అన్నారు. అచ్చుతప్పు కాదండీ. ఈ దేశంలో మన పిల్లల్ని బళ్ళో ఏ పేరుతో ఏడిపించారన్నది సాహిత్య వేదిక పట్టించుకోవలసిన విషయమే అని నా నమ్మకం. ఆ పేరు రాముడూ కాదు, గాంధీ కూడా కాదు. అపూ.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. "ది సింప్సన్స్" అనే ఈ హాస్య ధారావాహిక 1987లో వేరే కార్యక్రమం మధ్యలో చిన్న చిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరులో ఫాక్స్ చానల్లో అరగంట సీరియల్ అయింది. ఏడువందల యాభైకి పైగా భాగాలు వచ్చాయి. అమెరికాలో రాత్రి ప్రధాన సమయంలో వచ్చే కథా ధారావాహికల్లో భాగాల లెక్కన దీన్ని మించింది లేదు. 2018లో "గన్ స్మోక్" రికార్డును కూడా దాటేసింది. సృష్టికర్త మాట్ గ్రేనింగ్. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు, అందులో పసుపుపచ్చ ఒళ్ళున్న ఒక మామూలు కుటుంబం. తండ్రి హోమర్ సోమరి, తిండిపోతు. అయినా ఇంటి మీద ప్రేమ ఉన్నవాడు. మన పాత సినిమాల్లో రమణారెడ్డి, రేలంగి పాత్రలు కలిపి వండితే ఎలా ఉంటాడో అలా ఉంటాడు.

ఆ ఊళ్ళో నాకు అన్నిటికంటే నచ్చినవి బ్రాండ్లు. ఆ ఊరివాళ్ళు తాగే బీరు డఫ్. తినే బర్గరు క్రస్టీ బర్గర్. తాగే కోలా బజ్ కోలా. మంచుముక్కల పానీయం స్క్విషీ. ఇవన్నీ కొనే కొట్టు క్విక్-ఇ-మార్ట్. ఏదీ నిజం కాదు, అన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. నిజం కంపెనీ పేరు పెడితే ఆ కంపెనీవాళ్ళు ఊరుకోరు. పేరు నువ్వే పుట్టిస్తే ఎంతైనా తిట్టవచ్చు. 1993లో వచ్చిన ఒక భాగంలో హోమర్ డఫ్ బీరు ఫ్యాక్టరీ చూడడానికి వెళతాడు. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు రకాలు వేరువేరు తొట్లలో నిండుతూ ఉంటాయి. పైకి చూస్తే మూడింటికీ ఒకటే గొట్టం. వ్యాపార ప్రకటనల మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు. ఇంకో భాగంలో క్రస్టీ పేరు మీద అమ్మే అల్పాహారపు డబ్బాలో బహుమతిగా మొనదేలిన ఇనుప ముక్క పెడతారు. పిల్లవాడు దాన్ని మింగి ఆసుపత్రి పాలవుతాడు. మన ఊళ్ళో సబ్బుబిళ్ళతో పాటు ప్లాస్టిక్ దువ్వెన ఉచితం అన్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది.

ఇలా పుట్టిన దొంగ బ్రాండ్లు మెల్లగా అసలు బ్రాండ్లయ్యాయి. ఆస్ట్రేలియాలో రెండు బీరు కంపెనీలు డఫ్ పేరుతో నిజంగానే బీరు అమ్మబోయాయి. డబ్బా మీద హోమర్ బొమ్మ లేదు, సీరియల్ పేరు కూడా లేదు. పేరొక్కటే. ఫాక్స్ సంస్థ కోర్టుకి వెళ్ళింది, 1996లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫాక్స్ పక్షానే తీర్పు ఇచ్చింది. లోకంలో ఎక్కడా లేని బీరు పేరుకు కూడా ఒక యజమాని ఉన్నాడు, జనం ఆ పేరు వింటే వాళ్ళకి ఆ సీరియలే గుర్తొస్తుంది, ఇంకొకరు దాన్ని వాడుకోవడానికి వీల్లేదు అన్నారు. చట్టం ప్రకారం న్యాయమే. నేను తప్పు పట్టడం లేదు. ఈ తీర్పును కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి రావాలి.

2007 జూలైలో ఇంకో విచిత్రం జరిగింది. ఈ సీరియల్ ఆధారంగా తీసిన సినిమా విడుదల కోసం సెవెన్-ఇలెవెన్ వాళ్ళు అమెరికాలో పదకొండు, కెనడాలో ఒకటి, మొత్తం పన్నెండు కొట్లకు ఒక నెల రోజులు క్విక్-ఇ-మార్ట్ అని బోర్డు మార్చేశారు. లోపల నిజం బజ్ కోలా, నిజం క్రస్టీ-ఓస్, గులాబీ రంగు డోనట్లు. స్లర్పీని వెక్కిరించడానికి పుట్టిన పేరు స్క్విషీ. ఆ పేరుతో స్లర్పీయే అమ్మారు. తమను వెక్కిరించిన పేరునే తమ గుమ్మానికి తగిలించుకుని లాభం తీసిన ఆ వ్యాపార తెలివికి దండం పెట్టాలి. డఫ్ బీరు మాత్రం పెట్టలేదు. పిల్లలు కూడా చూసే సినిమా కదా, బాగుండదని. అంత జాగ్రత్త తీసుకున్నారన్నమాట.

ఆ నెలలో నేనూ వెళ్ళాను, మా అమ్మాయి పోరు పడలేక. జనం వీధి మలుపు దాకా లైను కట్టారు. లోపల గల్లా దగ్గర ఉన్నాయన మనవాడే, అంటే దక్షిణాసియా మనిషి. ఈ దేశంలో అలాంటి కొట్లు నడిపేవాళ్ళలో గుజరాతీలు, పంజాబీలు, బంగ్లాదేశీలు, మనవాళ్ళూ ఎందరో ఉన్నారు. ఫొటో తీసుకుంటున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరూ ఆయన వైపు చూసి, గొంతు మార్చి, "థాంక్యూ, కమ్ అగైన్" అంటూ బయటికి పోతున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. మా అమ్మాయి డోనట్ల డబ్బా తిరిగి అరలో పెట్టేసి, "పోదాం నాన్నా" అంది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు.

క్విక్-ఇ-మార్ట్ నడిపేవాడు అపూ. పూర్తి పేరు అపూ నహాసపీమపెటిలన్. 1990 ఫిబ్రవరిలో మొదటిసారి కనిపించాడు. ఈ సీరియల్లో పేర్లు ఎలా పెట్టారో చూస్తే నాకు చాలా విషయం అర్థమయింది. హోమర్ అన్నది గ్రేనింగ్ తండ్రి పేరు. మార్జ్ ఆయన తల్లి మార్గరెట్. లీసా, మాగీ ఆయన చెల్లెళ్ళు. పక్కింటి ఫ్లాండర్స్, చర్చి ఫాదరు లవ్‌జాయ్ అన్నవి ఆయన పెరిగిన పోర్ట్‌లాండ్‌లో వీధుల పేర్లు. అంటే ఇంట్లోవాళ్ళ పేర్లు, రోజూ నడిచిన వీధుల పేర్లు. అపూ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు సత్యజిత్ రాయ్ చిత్రత్రయం నుంచి వచ్చింది. ఇంటిపేరేమో ఒక రచయితకు తెలిసిన సహాధ్యాయి పేరును తిరగేసి మరగేసి తయారుచేసింది, ఏ భారతీయ భాషకూ చెందనిది. రాయ్ పేరు వాడుకోవడం గౌరవమే, కాదనను. కాని ఆ గదిలో కూర్చుని రాసేవాళ్ళకి ఇరుగుపొరుగున ఒక అపూ తెలిసి ఉంటే పేరు కోసం కలకత్తా సినిమా దాకా పోనక్కరలేదు.

అపూ పాత్ర చెడ్డదని నేను చెప్పబోతున్నానని అనుకుంటున్నారేమో. కాదు. ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువ చదువుకున్నవాడు అతనే. కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ. ఊరంతా నిద్రపోతుంటే కొట్టు తెరిచి ఉంచేవాడు. శాకాహారి. 1995లో ఒక భాగంలో చిన్నపిల్ల లీసా మాంసం మానేసి ఊరందరితో తగువు పెట్టుకుంటే, కొట్టు డాబా మీదికి తీసుకెళ్ళి, ఇతరుల తిండిని వెక్కిరించకుండా కూడా మన నియమం మనం పాటించవచ్చని నచ్చచెప్పేది అపూయే. ఆ డాబా మీద పాల్ మెకార్ట్‌నీ దంపతులు కూడా ఉంటారు, అది వేరే సంగతి. 1996లో ఇంకా మంచి భాగం వచ్చింది. ఊళ్ళో పన్నులు పెరిగితే మేయరు ఆ తప్పంతా పరాయి దేశాలనుంచి వచ్చినవాళ్ళ మీదికి తోసి, వాళ్ళని పంపేయాలని ఓటింగు పెడతాడు. 1994లో కాలిఫోర్నియాలో వచ్చిన ప్రొపొజిషన్ 187 మీద దెబ్బ అది. అపూ మొదట దొంగ కాగితాలు కొని, దేవుడి బొమ్మ దాచేసి, యాస మార్చుకుని అమెరికావాడిలా నటించబోతాడు. మనసొప్పక అన్నీ పారేసి, చదివి పరీక్ష రాసి పౌరుడవుతాడు. అంతర్యుద్ధానికి కారణం ఏమిటని అడిగితే ఆర్థిక, సామాజిక కారణాలన్నీ వల్లె వేయబోతాడు. పరీక్షాధికారి విసుక్కుని, బానిసత్వం అని ఒక్కమాట చెప్పవయ్యా అంటాడు. ఎన్నేళ్ళో గ్రీన్ కార్డు కోసం ఎదురు చూసి, వంద ప్రశ్నల పుస్తకం బట్టీ పట్టినవాళ్ళు ఈ హాల్లో సగంమంది ఉంటారు. ఆ భాగం చూసి నవ్వలేదంటే నేను నమ్మను.

మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, టెక్సాస్‌లో ఇరవై రెండేళ్ళు గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని ఒక కొట్టు నడిపారు. ఆయన సింప్సన్స్ అభిమాని. ఎవరైనా "థాంక్యూ, కమ్ అగైన్" అని వెక్కిరిస్తే, "వస్తావురా, ఎక్కడికి పోతావు, ఇరవై మైళ్ళలో ఇంకో బంకు లేదు" అని తెలుగులో అనుకుని చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవారు. మా అమ్మాయి కాలేజీలో చేరాక ఒకసారి భోజనాల దగ్గర ఆయనతో తగువు వేసుకుంది.

"మీకు కోపం రాదా మామయ్యా?"

"ఎందుకమ్మా కోపం? ఊళ్ళో ఒళ్ళొంచి పనిచేసేవాడు వాడొక్కడే. మిగతావాళ్ళందరూ తాగుబోతులు, దద్దమ్మలు. మనవాణ్ణి గొప్పగానే చూపించారు."

"మీకు మీరున్నారు, అత్తయ్య ఉంది, మీ తెలుగు అసోసియేషన్ ఉంది. నాకు బళ్ళో ఇంకెవరూ లేరు. టీవీలో ఉన్నది అతనొక్కడే. అందరికీ నేను అతని చెల్లెల్ని."

దానికి బావగారు జవాబు చెప్పలేదు. పెరుగు వడ్డించమన్నారు.

నేను ఆ తరువాత ఆయన్ని ఒక విషయం అడిగాను. 1994లో వచ్చిన ఒక భాగంలో కొట్టు మీద దొంగలు పడతారు, అపూ ఛాతీకి తుపాకీ గుండు తగులుతుంది. అదివరకే ఛాతీలో ఉన్న పాత గుండుకి తగిలి కొత్తది పక్కకి ఎగిరిపోతుంది. అంటే ఇదివరకు ఎన్నోసార్లు కాల్చారు, అలవాటైపోయింది అని హాస్యం. "మీరు దానికి నవ్వారా బావగారూ?" అన్నాను. లేదన్నారు. ఆయన కొట్లో గల్లా వెనక రెండు వీడియో కెమెరాలు, కింద ఒక గంట మీట, వెనక గదికి ఇనుప తలుపు ఉండేవి. 2001 సెప్టెంబరు 15న ఆరిజోనాలోని మేసా ఊళ్ళో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు పెద్దమనిషిని తన గ్యాస్ స్టేషన్ ముందే, తలపాగా చూసి, కాల్చి చంపారు. జంట భవనాలు కూలి నాలుగు రోజులే అయింది. ఆ వారమంతా మా అక్కయ్య గంటకోసారి కొట్టుకి ఫోను చేసేది. బావగారు ప్రతిసారీ "బతికే ఉన్నాను, పెట్టెయ్" అనేవారు. అపూ బొమ్మ, అతని ఛాతీలో గుండు బొమ్మే. గల్లా వెనక నిలబడ్డ మనిషి బొమ్మ కాదు. ఎదురుగా ఉన్న కొనుగోలుదారుకి ఆ తేడా ఒక్కోసారి కనబడదు, అంతే.

ఇక అపూ గొంతు. అది హాంక్ అజేరియా అనే నటుడిది. ఎన్నో గొంతులు పలికించగల దిట్ట. పీటర్ సెల్లర్స్ 1968లో "ది పార్టీ" సినిమాలో ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించాడే, ఆ యాసే తనకు ఆధారమని అజేరియాయే చెప్పాడు. అంటే మన యాసకి నకలు కాదు, నకలుకి నకలు. ముప్పై ఏళ్ళు ఈ దేశానికి అదే మన మాటతీరు.

దీన్ని గట్టిగా అడిగినవాడు ఒక తెలుగు కుర్రాడు. ఈ మాట నేను ఈ వేదిక మీద కాస్త గర్వంగానే చెబుతున్నాను. హరి కొండబోలు. న్యూయార్క్ క్వీన్స్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టి పెరిగినవాడు, వేదిక మీద ఒంటరిగా నిలబడి నవ్వించే కళాకారుడు. 2012లో ఒక టీవీ కార్యక్రమంలో ఈ యాస తన తండ్రిని వెక్కిరించే తెల్లవాణ్ణి అనుకరించే ఇంకో తెల్లవాడిది అన్న అర్థం వచ్చే ఛలోక్తి వేశాడు. 2017 నవంబరులో ట్రూ టీవీలో "ది ప్రాబ్లమ్ విత్ అపూ" అనే డాక్యుమెంటరీ తీసుకొచ్చాడు. అందులో భారతీయ మూలాలున్న నటీనటులు ఒక్కొక్కరూ వచ్చి, చిన్నప్పుడు బళ్ళో ఈ పేరు ఎలా వెంటపడిందో, పెద్దయ్యాక ఆడిషన్లలో ఆ యాసలోనే మాట్లాడమని ఎలా అడిగారో చెబుతారు. అజేరియా అందులో మాట్లాడడానికి ఒప్పుకోలేదు. తమాషా ఏమిటంటే, హరి తాను సింప్సన్స్ అభిమానినని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. ఇంటి మీద ప్రేమ ఉన్నవాడే గోడ బీటలు చూపిస్తాడు.

2018 ఏప్రిల్లో సీరియల్ వాళ్ళు ఒక భాగంలో లీసా చేత జవాబు చెప్పించారు. ఒకప్పుడు అందరూ మెచ్చినదే ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అని ఆమె భుజాలెగరేస్తుంది, పక్కన అపూ ఫొటో. అది నాకు నచ్చలేదు. డాబా మీద ఆ పిల్లకు అపూ చెప్పిన మాటలు గుర్తున్నవాళ్ళకి ఎవరికీ నచ్చదు. ఆ తరువాత అజేరియాలో మార్పు వచ్చింది. 2020 జనవరిలో ఇక అపూకి గొంతు ఇవ్వనన్నాడు. ఆ జూన్‌లో నిర్మాతలు, తెల్లవారు కాని పాత్రలకు ఇకపై తెల్లవారిచేత గొంతు చెప్పించబోమని ప్రకటించారు. 2021లో అజేరియా ఒక రేడియో తరహా ముఖాముఖిలో భారతీయులందరికీ క్షమాపణ చెప్పాడు. ముప్పై ఏళ్ళు తిండి పెట్టిన పాత్ర గురించి అలా చెప్పడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం, లేకపోతే అన్యాయమవుతుంది. మన తెలుగు సినిమా ఇన్నేళ్ళూ ఏం చేసింది? హీరోకి పుస్తకాల భాష. తెలంగాణ యాస వినిపిస్తే వాడు రౌడీయో హాస్యగాడో. శ్రీకాకుళం యాస వస్తే పనిమనిషి. తమిళ యాస వస్తే వంటవాడు, మార్వాడీ యాస వస్తే వడ్డీ వ్యాపారి. గూర్ఖా నోరు తెరవకముందే నవ్వేవాళ్ళం. తెలంగాణ ఉద్యమంలో సినిమాల్లో యాసని వెక్కిరించడం ఒక ముఖ్యమైన ఫిర్యాదు. అప్పుడు మనలో చాలామంది అన్నమాట, "సినిమాయే కదా, సరదాకి" అని. మా బావగారు అపూ గురించి అన్నట్టే. ఆయన కొట్టు వెనక నిలబడి అన్నారు కాబట్టి ఆయనకా హక్కుంది. మనం ఎక్కడ నిలబడి అన్నామో?

హరి డాక్యుమెంటరీ వచ్చిన 2017లోనే, జూలైలో, శేఖర్ కమ్ముల "ఫిదా" వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి సినిమా పొడుగునా తెలంగాణ యాసలోనే మాట్లాడుతుంది. ఆ యాసలోనే ప్రేమిస్తుంది, తిడుతుంది, అలుగుతుంది, అమెరికా డాక్టరు బాబుని అదరగొడుతుంది. ఆ పాత్ర వేసి, తన గొంతుతోనే చెప్పిన సాయి పల్లవి మాతృభాష తెలుగు కాదు. నీలగిరుల అమ్మాయి. ఎవరైనా అభ్యంతరం చెప్పారా? రెండు రాష్ట్రాల్లోనూ నెత్తిన పెట్టుకున్నారు. అందువల్ల, పరాయివాడు మన యాస పలకడమే నేరమని నేననుకోను. సెల్లర్స్ సినిమా చూసి నేర్చుకున్నదానికీ, బాన్సువాడ మనుషుల మాట విని నేర్చుకున్నదానికీ తేడా ఉంది. ఆ యాసతో ఒక్క నవ్వే పుట్టిస్తారా, ఏడుపూ కోపమూ కూడా పుట్టిస్తారా అన్నదానిలో ఇంకా ఎక్కువ తేడా ఉంది.

ఆ ఆస్ట్రేలియా తీర్పు గుర్తుందా? లేని బీరు పేరు వింటే జనానికి సీరియల్ గుర్తొస్తుంది కాబట్టి ఆ పేరు సీరియల్ వాళ్ళదే అన్నారు. మరి మా బావగారు నోరు విప్పితే కొన్నవాళ్ళందరికీ అదే సీరియల్ గుర్తొచ్చేది. ఆ గొంతు మాత్రం కంపెనీది కాదు, గుంటూరు జిల్లాది. దానికి ట్రేడ్‌మార్కు లేదు. దాన్ని తిరిగి ఇప్పించమని అడగడానికి ఏ కోర్టుకి వెళ్ళాలో ఇక్కడున్న లాయరు మిత్రులు చెప్పాలి. కోర్టు లేదు గనకనే హరి కొండబోలు మైకు పట్టుకున్నాడని నేననుకుంటాను.

అపూని తీసేయమని హరి ఎప్పుడూ అడగలేదు. బాగా రాయమన్నాడు. తీసేయడం తేలిక, రాయడం కష్టం. 2020 తరువాత అపూ గుంపులో ఒక మూల కనిపించిపోతున్నాడు, నోరు విప్పడు. పీహెచ్‌డీ చదివి, ఎనిమిదిమంది పిల్లల్ని కని, పౌరసత్వం పరీక్షలో అధికారికే పాఠం చెప్పినవాడికి ఇప్పుడు ఒక్క మాట లేదు. ఇది మా బావగారికి బొత్తిగా నచ్చలేదు. "వెక్కిరిస్తే వెక్కిరించారు, నోరెందుకు మూయించారు? నన్ను పిలిస్తే నేను చెప్పేవాణ్ణిగా" అన్నారు. కొట్టు అమ్మేశారు, ఖాళీగానే ఉన్నారు, గొంతు కూడా బాగుంటుంది. ఈసారి మా అమ్మాయి ఆయన పక్షాన నిలబడింది. దాని లెక్కలో అపూ గొంతు చెప్పవలసింది మామయ్యే, మాటలు రాయవలసింది తను. ఇద్దరికీ సంభాషణలు కుదరక ఇంకా కొట్టుకుంటున్నారు.

సాయంత్రం అయిదింటికి పక్క హాల్లో యువతరం వాళ్ళ హాస్య కార్యక్రమం ఉంది. అందులో మన ఇంగ్లీషు మన పిల్లల నోటితోనే వినబడుతుందని విన్నాను. నేను ముందు వరుసలో రెండు కుర్చీలు పట్టి ఉంచాను, ఒకటి మా బావగారికి. పెసరట్టు ఇంకా మిగిలే ఉంటుంది, వెళ్ళిరండి.